హనుమకొండ స్టాఫ్ కాన్ఫరెన్స్‌కు ఆసరా అయినవాళ్లందరికీ వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. చర్చి స్టాఫ్ కాన్ఫరెన్స్ అయిపోయింది. టెంటు విప్పుతున్నారు, కుర్చీలు లెక్కపెట్టి అప్పజెప్పాలి, ఒళ్లు హూనమైంది. అయినా ఇది ఇప్పుడే రాయాలి. రేపటికి పెడితే పనుల్ల పడి మరిచిపోతాం.

స్టేజీ మీద మాట్లాడిన అయ్యగార్లకు శాలువాలు అక్కడే కప్పాం. ఇంట్లోవాళ్లు వండిపెట్టారు, పిల్లల్ని చూసుకున్నారు, వాళ్లకు వేరే చెప్పేదేముంది. ఈ పోస్టు ముఖ్యంగా ఒక పెద్దాయన కోసం.

ఆయనది డోర్నకల్ వైపు పల్లె. 1912లో అజరయ్య గారు తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయి సేవ చేసిన ప్రాంతం. అక్కడి చిన్న చర్చికి ట్రెజరర్. స్పీకర్ల లిస్టులో లేరు, మెడలో బ్యాడ్జీ కూడా లేదు. లెక్కల సెషన్లో ప్రొజెక్టర్ మొరాయించి, చెప్పాల్సినవారు "మిగతాది పీడీఎఫ్ పంపిస్తాం" అని దిగిపోయారు. ఈయన వెనక వరస నుంచి లేచి, గుడ్డసంచిలోంచి వాళ్ల చర్చి చిట్టా తీసి, భోజనాల లైను వదిలేసి చెట్టు కింద కూర్చున్నారు. చుట్టూ చర్చి ఊడ్చి గంట కొట్టేవాళ్లు, ఆఫీసు చూసే ఆడపిల్లలు. ఒకటే మాట పదిమంది అడిగినా విసుక్కోలేదు.

చదువు రాని ఒకామె అడిగింది, "చందా లెక్కకు నన్ను కూసోమంటరు, నాకేం తెలుస్తది అయ్యా" అని. ఆయన జేబులోని నోట్లు తీసి కాగితం మీద పరిచారు. బూడిద రంగుది 500, పసుపుది 200, ఊదాది 100. ఒక్కో నోటుకు ఒక గీత, అయిదో గీత అడ్డంగా. "లెక్క నువ్వే పెట్టాలమ్మా, నీ గీతలూ ఆళ్ల అంకెలూ ఒకటైతేనే సంతకం" అని పెన్ను ఆమె చేతిలో పెట్టారు. మా గొంతు పూడుకుపోయింది అక్కడే. అప్పటిదాకా ఆమెను ఎవరూ పేరు పెట్టి కూడా పిలవలేదు.

ఆయన చెప్పినవి ఇక్కడ పెడుతున్నాం, రానివాళ్లకు పనికొస్తాయి. కానుకలు ఆరాధన అయిన వెంటనే, వెస్ట్రీ (చర్చి పక్క గది) తలుపు తీసి ఉంచి లెక్కపెట్టాలి. లెక్కించేవాళ్లు ఇద్దరు, ఒక ఇంటివాళ్లు కాకూడదు, రాసేది మూడో మనిషి. కవర్ మీద రాసిన మొత్తం, లోపలున్న మొత్తం పక్కపక్కన రాయాలి. ఏ నోట్లు ఎన్నో చీటీ రెండు కాపీలు, ఒకటి డబ్బు సంచిలో, ఒకటి సెక్రటరీ దగ్గర. సంచిలోది ఎంతుంటే అంత సోమవారం బ్యాంకులో పడాలి. లెక్క తప్పేది ఇక్కడే. బ్యాంకుకు పోకముందే అందులోంచి పూలకింత, వచ్చిన పాస్టరుగారి బస్సు చార్జీకింత, కరెంటు బిల్లుకింత తీస్తారు. ఎవరూ దొంగ కాదు, కానీ ఏడాది చివర చిట్టాకూ పాస్‌బుక్కుకూ పొంతన ఉండదు, మాట ట్రెజరర్ మీద పడుతుంది.

చిల్లర ఖర్చుకు వేరే డబ్బా ఉండాలన్నారు. ఉదాహరణకు 3,000 అనుకుంటే, ఎప్పుడు తెరిచినా బిల్లులూ నగదూ కలిపి 3,000 ఉండాలి. 1,850 బిల్లులుంటే 1,150 నగదు. అయిపోవస్తే బిల్లులు అప్పజెప్పి అంతే మొత్తానికి చెక్కు తీసుకోవడం. క్యూఆర్ కోడ్ చర్చి ఖాతాదే కావాలి, పాస్టరుగారి సొంత నంబరుది కాదు. స్టిక్కర్ మీద ఎవరైనా ఇంకోటి అంటించారేమో ప్రతి ఆదివారం ఒక రూపాయి పంపి, ఏ పేరు వస్తుందో చూడాలి. 80జీ రసీదు ఇచ్చే చర్చిలు గుర్తుంచుకోవాల్సిందొకటి ఉంది: 2,000 రూపాయలు దాటి నగదు ఇస్తే దాత పన్ను మినహాయింపు అడగలేరు, ముందే చెప్పి చెక్కు గానీ యూపీఐ గానీ అడగాలి.

మిగతా సెషన్లలో గట్టిగా మనసుకు పట్టింది బైబిల్లో నిర్గమకాండము 18వ అధ్యాయం. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు తీరుస్తుంటే మామ యిత్రో వెయ్యికి, నూరుకు, యాభైకి, పదికి మనుషుల్ని పెట్టమన్నాడు. మన దగ్గర తలకిందులు. గంట కొట్టే ఒక్క మనిషికి పాస్టరుగారు, సెక్రటరీ, కమిటీ పెద్దలు, స్త్రీల సమాజం, యూత్ అందరూ పని చెప్పేవాళ్లే. ఆయనకు పని చెప్పేది ఒక్కరే కావాలి, ఏం చేయాలో ఒక పేజీలో రాసివ్వాలి, వారానికి ఒకరోజు సెలవు పేజీలోనే ఉండాలి. సండేస్కూల్లో ప్రతి క్లాసుకూ ఇద్దరు పెద్దలు. పిల్లల మీద అఘాయిత్యం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, కమిటీలో సర్దుకోవడం నేరం.

ఒక బాధ చెప్పకుండా ఉండలేం. జీతం అడిగితే "సేవలో జీతమేంటి, ప్రార్థన చేద్దాం" అంటారు. జీతం బదులు ఇచ్చే ప్రేమకానుక కవర్లో ఈ నెల ఎంతుంటుందో తీసుకునేవాళ్లకు తెలియదు. అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు. 20 మంది ఉద్యోగులుంటే పీఎఫ్ కట్టాలి కాబట్టి కొందరు మనుషుల్ని కాగితం మీద వాలంటీర్లుగా చూపిస్తారు. మైకు సెట్టుకు లక్షలు ఇచ్చే కమిటీలే ఇవి. ఈ విషయం అజెండాలో పెట్టమంటే టైమ్ లేదన్నారు, సన్మానాలకు మాత్రం ఉంది.

అయ్యో, మరిచాం. కాజీపేట స్టేషన్ నుంచి లగేజీ తెచ్చిన ఆటో అన్నలకు, కరెంటు పోయినప్పుడు జనరేటర్ దగ్గరే కూర్చున్న తమ్ముడికి, నీళ్ల క్యాన్లు మోసిన హాస్టల్ పిల్లలకు వందనాలు. సాంబారు తక్కువైతే పక్కింటినుంచి చింతపండు తెచ్చి చారు కాచిన అక్కకు కూడా. పెద్దాయనకు ప్లేటు తీసిపెట్టింది కూడా ఆమేనట, ఇప్పుడే తెలిసింది.

జిరాక్స్ షాపు తమ్ముడూ, నీ డబ్బులు ఇంకా ఇవ్వలేదు. మంగళవారం వస్తాం, బిల్లు మీద తారీకు వేసి ఉంచు.