కేంద్ర జలశక్తి మంత్రి గారికి: కృష్ణను పంచే ముందు కొలవండి

అయ్యా, నమస్కారం.

దివిసీమ నుంచి రాస్తున్నాను. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెంటి నడుమ ఉన్న లంక మాది. మహాబలేశ్వరంలో పుట్టి 1,400 కిలోమీటర్లు నడిచి వచ్చిన నది హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ వాడుకున్నాక, మా రాష్ట్రంలోనే పైవాళ్లు కూడా వాడుకున్నాక మా కాలువకు వంతు వస్తుంది.

మా లాకు గోడకు అడుగులూ అంగుళాలూ గీసిన కొలబద్ద ఉంది. లస్కరు పొద్దున్నే వచ్చి, నాచు పట్టిన చోట చేత్తో తుడిచి, నీటి మట్టం చూసి పుస్తకంలో రాసుకుంటాడు. పక్కన నిలబడినవారు ఎవరైనా ఆ గీత చూడవచ్చు. నాలుగు అంగుళాలు తగ్గిందంటే నారుమడి వేయాలా, ఆగాలా అన్నది ఆ పూటే తేలిపోతుంది. తూముల దగ్గర మేము కొట్టుకున్న రోజులున్నాయి, అర్ధరాత్రి షట్టర్లు ఎత్తిన రోజులూ ఉన్నాయి. గీత అబద్ధమని మాత్రం ఎవరూ అనలేదు.

శ్రీశైలం, సాగర్‌ల దగ్గర రెండు రాష్ట్రాలూ ఒప్పుకునే ఆ పాటి గీత కూడా లేదని నా ఫిర్యాదు.

అసలు కొలవడం దాకా ఎందుకు, ఈ నదిని పిలవడంలోనే మనకు ఒక్క మాట లేదు. ఖారవేలుడి హాథిగుంఫా శాసనంలోని కన్హబెంణా ఈ నదే అని కొందరు పండితులు అంటారు. టాలెమీ మైసోలోస్ అన్నాడు. తెల్లదొరలు కిస్ట్నా అని రాశారు. సతారా దగ్గర వెణ్ణా వచ్చి కలుస్తుంది కాబట్టి కృష్ణవేణి. శ్రీశైలంలో మెట్లు దిగి మునిగితే అదే నీరు పాతాళగంగ. మా ఇంట్లో ఆడవాళ్లకు కృష్ణమ్మ. ఇన్ని పేర్లున్నా ఏనాడూ గొడవ రాలేదు. నీటిని వంద కోట్ల ఘనపుటడుగుల లెక్కన కొలిచే టీఎంసీ అన్న పేరు వచ్చాకే వచ్చింది.

కృష్ణ నీటిని రాష్ట్రాలకు పంచేందుకు బచావత్ ట్రిబ్యునల్ 1969లో ఏర్పడింది. మహారాష్ట్రకు 585, కర్ణాటకకు 734, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు కేటాయించింది. 2004లో వచ్చిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో తీర్పు ఇస్తే, దాన్ని గెజిట్‌లో ప్రచురించవద్దని మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆపింది. రాష్ట్రం విడిపోయాక 811ని తాత్కాలికంగా ఆంధ్రకు 512, తెలంగాణకు 299గా విడదీశారు. ఆ తాత్కాలికం 2015 నాటిది. పరీవాహక ప్రాంతం తమదే ఎక్కువ కాబట్టి ఆ లెక్క అన్యాయమని తెలంగాణ అంటుంది. పాత ఆయకట్టును కాదనడం కుదరదని మావాళ్లు అంటారు. 2023లో ఆ వాదన మళ్లీ బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ ముందుకే వెళ్లింది. తేల్చవలసింది వారే, అందులో నేను వేలు పెట్టను.

నేను అడిగేది చిన్నది. ఎవరి వాటా ఎంతో తేలేలోగా, ఎవరు ఎంత తీసుకున్నారో రోజూ తెలియాలి కదా?

2023 నవంబరు 30న నాగార్జునసాగర్ డ్యాం మీద ఏమైందో తమరికి తెలుసు. 26 గేట్లలో పదమూడో గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. ఇటు ఒక రాష్ట్రం పోలీసులు, అటు మరో రాష్ట్రం పోలీసులు, చివరికి కేంద్ర బలగాలు. మా చెల్లెలిని మిర్యాలగూడ వైపు ఇచ్చాం, వాళ్ల పొలం సాగర్ ఎడమ కాలువ కింద. ఆ రాత్రి బావగారు ఫోను చేసి, "మీవాళ్లు మా నీళ్లు ఎత్తుకుపోతున్నారటగా" అన్నారు. ఎన్ని నీళ్లు బావా అని అడిగాను. ఆయన చెప్పలేకపోయారు. నాకూ తెలియదు. టీవీలో ఒక ఛానెల్ ఒక అంకె, ఇంకో ఛానెల్ ఇంకో అంకె. పదేళ్లుగా సంక్రాంతికి ఒకే పళ్లెంలో అరిసెలు తిన్నవాళ్లం, ఆ రాత్రి ఫోను పెట్టేసేటప్పుడు ఉంటానన్న మాట కూడా అనుకోలేదు.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. అంత సులువైన లెక్కకు పోలీసులు కావలసి వచ్చింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మాత్రం అంకె గంట గంటకూ అందరికీ అందింది. వరదకు దొరికే లెక్క కరువుకు ఎందుకు దొరకదు?

విభజన చట్టం కింద కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ఉంది. 2021 జులైలో దాని పరిధిని నిర్ణయిస్తూ గెజిట్ ఇచ్చారు. నీటిని యంత్రాలే కొలిచి అంకెను దూరానికి పంపే టెలిమెట్రీ గురించి ఏళ్లుగా వింటున్నాం. కొన్నిచోట్ల పెట్టారు, మిగతా చోట్లకు ఎవరు డబ్బివ్వాలన్న దగ్గర తగువు నడిచింది. ఆ ఖర్చు కేంద్రమే పెట్టుకోవాలని నా విన్నపం. పోతిరెడ్డిపాడు, కల్వకుర్తి, సాగర్ కుడి ఎడమ కాలువలు, మా బ్యారేజీ కాలువలు, అన్నింటి దగ్గరా నీటి లెక్క తెలుగులో, టీఎంసీతో పాటు క్యూసెక్కుల్లోనూ, ప్రతి ఉదయం బయటపెట్టండి. ఫోనులో కనిపిస్తే చాలదు. కాలువ గట్టు మీద పలకకు రాయించండి. మా ఊళ్లో ముసలివాళ్లకు పలకే నమ్మకం.

హంసలదీవి దగ్గర కూడా ఒక పలక పెట్టించండి. ఎండాకాలంలో చాలా రోజులు దాని మీద సున్నా ఉంటుంది. ఉండనివ్వండి. పాయలోకి ఉప్పునీరు ఎంత పైకి ఎక్కిందో కూడా ఆ సున్నా పక్కనే రాయించండి. మా బోరు నీళ్లు ఇప్పటికే పప్పు ఉడకనివ్వడం లేదు.

ఇట్లు,
కృష్ణా డెల్టా చివరి ఆయకట్టు రైతు,
అవనిగడ్డ ప్రాంతం