మా ఊరు ఎవరి పరిధిలో ఉందో చెప్పండి: బహిరంగ లేఖ

గౌరవనీయులైన పట్టణాభివృద్ధి ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. నేను విజయనగరం జిల్లా డెంకాడ మండలంలో ఉండే రిటైర్డ్ టీచర్‌ని. ఇదే విషయమై మూడు అర్జీలు పెట్టాను. జవాబు రాలేదు కనుక అందరి ఎదుటా రాస్తున్నాను.

విశాఖ ఇటు, విజయనగరం అటు పెరుగుతున్నాయి. భోగాపురం విమానాశ్రయం పనులు మొదలయ్యాక మధ్యలోని పొలాల్లో ప్లాట్ల రాళ్లు లేచాయి. మా అక్క ఐదు సెంట్లలో ఇంటికి ప్లాన్ పెడితే ఒక ఆఫీసువాళ్లు తమ పరిధి కాదన్నారు. రెండో ఆఫీసువాళ్లు మళ్లీ మొదటిచోటికే పొమ్మన్నారు. ఏడాదిన్నర గడిచింది, బ్యాంకు లోన్ ఆగింది. ఆ ఇంటి గడప చూడకుండానే మా బావ వెళ్లిపోయారు. అక్క ఆ ఫైలు ఇప్పటికీ దిండు కిందే పెట్టుకుంటుంది.

మా ఊరు మెట్రోపాలిటన్ (మహానగర) ప్రాంతంలోకి వస్తుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. రాజ్యాంగం 243పి అధికరణ ప్రకారం 10 లక్షలు, ఆపైన జనాభా ఉన్న ప్రాంతాన్ని గవర్నర్ నోటిఫై చేస్తే అది మెట్రోపాలిటన్ ప్రాంతం. రోజూ ఎవరు ఏ నగరానికి పనికి వెళ్తారన్నది ఆ నిర్వచనంలో లేదు. అంటే సరిహద్దు గీత గీసేది ప్రభుత్వమే. 243జెడ్‌ఈ ప్రకారం ఆ ప్రాంతానికి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే మెట్రోపాలిటన్ ప్రణాళికా కమిటీలో కనీసం మూడింట రెండొంతుల మందిని మున్సిపాలిటీల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలోంచి ఎన్నుకోవాలి. పల్లె మాట కూడా వినాలనే కదా ఈ ఏర్పాటు?

60 రోజుల్లోగా సర్వే నంబర్లతో సహా సరిహద్దు మ్యాపును తెలుగులో ప్రతి గ్రామ సచివాలయంలో పెట్టించండి. ఇకపై గ్రామసభలో చర్చించకుండా ఆ గీతను మార్చకండి.

భవదీయుడు,
డెంకాడ మండల నివాసి