ఆ ఫ్యూజు ఎందుకు పోలేదు? రవాణా శాఖ మంత్రి గారికి ఆటోనగర్ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ మంత్రి గారికి,

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో కార్ల వైరింగ్ పని చేసే ఎలక్ట్రీషియన్లం నమస్కరించి రాస్తున్నాం.

నడిరోడ్డు మీద కారు తగలబడితే మర్నాడు పేపర్లో ఒకటే మాట: షార్ట్ సర్క్యూట్. ఆ మాటతో విచారణ ముగిసిపోతుంది. ఏ వైరు అంటుకుంది, దాని మందమెంత, దాని మీద ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు ఉంది, అది ఎందుకు పోలేదు అని ఎవరూ అడగరు. మా లెక్కలో చివరి ప్రశ్నే అసలు ప్రశ్న. ఫ్యూజు సరైనదై, సరైన చోట ఉంటే షార్ట్ అయిన వైరు మంట దాకా వెళ్లదు. ఫ్యూజు పోతుంది, లైటో హారనో ఆగిపోతుంది, ఓనరు విసుక్కుంటూ మా దగ్గరికొస్తాడు. అంతటితో సరి.

పన్నెండు వోల్టులే కదా అన్న చులకన చాలామందిలో ఉంది. షాక్ కొట్టదు నిజమే. కానీ సెల్ఫు కొట్టేటప్పుడు మామూలు కారు బ్యాటరీ వందల ఆంపియర్లు ఇస్తుంది. నేరుగా షార్ట్ అయితే ఇంకా ఎక్కువ. ఇంట్లో మిక్సీకి పోయే కరెంటు ఐదు ఆంపియర్లు కూడా ఉండదు. వైరును కాల్చేది ఆంపియర్లు.

ఫ్యూజు పెట్టింది స్టీరియో కోసమో లైటు కోసమో కాదు, వైరు కోసం. అందుకే ఫ్యూజు సైజు వైరు మందాన్ని బట్టి ఉండాలి. పోయిన ప్రతిసారీ ఇంకో మెట్టు పెద్దది వేసుకుంటూ పోతే ఏమవుతుందో లెక్క వేసి చూపిస్తాం. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరుకు మీటరు పొడవున నిరోధం సుమారు 0.018 ఓమ్. రెండు 55 వాట్ల హెడ్‌లైట్ బల్బులకు కలిపి దాంట్లో 9 ఆంపియర్లు పోతే పుట్టే వేడి మీటరుకు ఒకటిన్నర వాట్లు. ఆ వైరుకు అది ఒక లెక్క కాదు. అదే వైరు 30 ఆంపియర్లు మోస్తే కరెంటు మూడింతలకు కాస్త ఎక్కువే, వేడి మాత్రం పదకొండింతలు, మీటరుకు 16 వాట్లు. మేం టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంటే డ్యాష్‌బోర్డు వెనక, టేపు చుట్టిన కట్టలో, గాలి తగలని చోట ఒకటిన్నర మీటరు వైరే సోల్డరింగ్ ఐరన్ అయి కూర్చుంటుంది. దాని మీదున్న 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజు దృష్టిలో అంతా సవ్యంగానే ఉంటుంది.

ఇంకో సంగతి మెకానిక్కుల్లో కూడా చాలామందికి తెలియదు. 20 ఆంపియర్ల ఫ్యూజు 21 దగ్గర ఠక్కున పోదు. కార్లలో వాడే రెండు కాళ్ల ప్లాస్టిక్ ఫ్యూజుల (బ్లేడు ఫ్యూజుల) ప్రమాణం ప్రకారం 22 ఆంపియర్ల దగ్గర అది కనీసం 100 గంటలు నిలబడాలి. 27 దగ్గర పది నిమిషాల దాకా పోకపోవచ్చు. 40 అయితేనే ఐదు సెకన్ల లోపు పోతుంది. కాబట్టి ఆ పది నిమిషాలు ఓర్చుకోగల మందం వైరుకు ఉండాలి. మేం పాటించే కొలతలు ఇవి: అర చదరపు మిల్లీమీటరు వైరుకు 5, ఒక మిల్లీమీటరుకు 10, ఒకటిన్నరకు 15, రెండున్నరకు 20, నాలుగుకు 30 ఆంపియర్ల ఫ్యూజు. పుస్తకాల్లో ఇంతకంటే ఎక్కువ మోస్తాయని రాసి ఉండొచ్చు. బెజవాడ మే నెల ఎండలో, ఇంజను పక్కన, బానెట్ కింద ఆ అంకెలు నిలవవు. ఇళ్లలో వాడే మామూలు పీవీసీ వైరు తొడుగు 70 డిగ్రీల వరకే ఓర్చుకుంటుంది. ఆపిన కారు బానెట్ కింద కరెంటు ప్రవహించక ముందే వేడి ఆ దరిదాపులకు వస్తుంది. ఆటో వైరు అడిగితే ఇంటి వైరు చుట్ట చేతిలో పెట్టే కొట్లు ఉన్నాయి, తెలిసీ అదే వాడేవాళ్లూ ఉన్నారు.

కంపెనీ నుంచి వచ్చిన వైరింగ్‌తో మాకు పెద్ద పేచీ లేదు. షోరూం గేటు దాటాక జరిగేదే మా బాధ. హెడ్‌లైట్ల హెచ్4 బల్బులు 60/55 వాట్లవి (హైబీమ్‌కు 60, లోబీమ్‌కు 55) తీసి 100/90 వేస్తారు. రెండు బల్బులూ కలిపి హైబీమ్‌లో 10 ఆంపియర్లు తీసుకునే చోట 16కు పైన లాగుతుంది. ముందు హోల్డరు ప్లాస్టిక్కు గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. ఫాగ్ లైట్లకు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) లేకుండా స్విచ్చు మీదుగానే డైరెక్ట్ లాగుతారు. పెద్ద హారన్లకూ అంతే. నిజానికి పని చిన్నది: రిలేలో 30వ పిన్నుకు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా రెండు చదరపు మిల్లీమీటర్ల వైరు, 87 నుంచి లైట్లకు అదే మందం, 85కు ఎర్తు, 86కు స్విచ్చు నుంచి సన్న వైరు. స్విచ్చులో పోయేది పావు ఆంపియరు లోపే. రెండు 55 వాట్ల ఫాగ్ లైట్లకు 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు సరిపోతుంది. 10 ఆంపియర్ల ఎరుపుది వేస్తే 9 ఆంపియర్ల లోడుకు అంచున నిలిచి, బానెట్ కింది వేడికి మాటిమాటికీ పోవచ్చు. విసుగొచ్చిన డ్రైవరు దాని స్థానంలో రాగి పోగో సిగరెట్ పెట్టెలోని వెండి కాగితమో చుడతాడు. చిన్న ఫ్యూజు వేయడం కూడా తప్పే అంటున్నది అందుకే.

ఫ్యూజు ఉన్నా ఎక్కడుందో చూడాలి. ఆంప్లిఫయరుకు బ్యాటరీ నుంచి డిక్కీ దాకా నాలుగైదు మీటర్ల లావు వైరు లాగి, ఫ్యూజు ఆంప్లిఫయరు పక్కన పెడతారు. ఆ వైరు ఇంజను వెనక రేకులో కంత గుండా పోతుంది. కంత అంచుకు తొడిగే రబ్బరు రింగు (గ్రోమెట్టు) లేకపోతే రేకు అంచు కత్తిలా పనిచేస్తుంది. ఇంజను అదురుకు ఏడాదో రెండేళ్లో తొడుగు కోసుకుపోయి రాగి రేకుకు తగులుతుంది. షార్ట్ జరిగింది బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య. డిక్కీలోని ఫ్యూజు గుండా ఆ కరెంటు పోనే పోదు, ఇక ఆ ఫ్యూజు ఎలా కాలిపోతుంది? ఫ్యూజు బ్యాటరీ టెర్మినల్ నుంచి మూరెడు లోపల ఉండాలి, జానెడైతే మరీ మంచిది. పైగా ఆ లావు వైరు చాలాసార్లు రాగిపూత పూసిన అల్యూమినియం. కొస కత్తితో గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. అదే మందం రాగితో పోలిస్తే నిరోధం ఒకటిన్నర రెట్లకు పైనే, ఫ్యూజు మాత్రం రాగి లెక్కన వేస్తారు.

ఫ్యూజు బదులు వాడే, తెగినా మళ్లీ కలిసే సర్క్యూట్ బ్రేకర్ గురించి కూడా చెప్పాలి, ఈమధ్య వాటి అమ్మకం పెరిగింది. ఇవి మూడు రకాలు. మొదటిది వేడెక్కగానే తెగి, చల్లారగానే తనంతట తానే కలుస్తుంది. పవర్ విండో మోటారు అద్దం చివర ఇరుక్కుంటే క్షణకాలం ఎక్కువ లాగుతుంది కాబట్టి కంపెనీలు అక్కడ దాన్ని వాడాయి. దాన్నే తెచ్చి ఫాగ్ లైటు వైరు మీద పెడితే, షార్ట్ ఉన్నంతసేపూ తెగుతూ కలుస్తూ అదే చోటును మళ్లీ మళ్లీ కాలుస్తుంది. రెండోది తెగాక కరెంటు ఆపేదాకా కలవదు. మూడోది మనిషి బటన్ నొక్కితేనే కలుస్తుంది. బయట అమర్చే ఏ పరికరానికైనా ఈ మూడోదే వాడాలి. ఇంటి స్విచ్ బోర్డులోని ఎంసీబీని బానెట్ కింద బిగించేవాళ్లకు మా దగ్గర సమాధానం లేదు, దండం తప్ప.

ఇప్పటిదాకా చెప్పింది ఫ్యూజు ఆపగలిగిన మంటల గురించి. ఫ్యూజు ఆపలేనిది లూజు కనెక్షన్. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటులో పదో వంతు ఓమ్ నిరోధం ఉందనుకోండి. 9 ఆంపియర్లు పోతే ఆ ఒక్క బిందువు దగ్గర 8 వాట్లు. మొత్తం కరెంటు పెరగలేదు, పైగా కాస్త తగ్గింది, కాబట్టి ఫ్యూజుకు ఏమీ తెలియదు. టేపు జిగురు కరిగి కారుతుంది, పక్క వైరు తొడుగు మెత్తబడుతుంది. ఇంజను ఎర్తు పట్టీ తుప్పుపట్టినా ఇలాగే. సెల్ఫు కరెంటు దారి దొరక్క పాత కార్లలో యాక్సిలరేటరు కేబుల్ గుండా పోయి దాన్ని ఎర్రగా కాల్చేస్తుంది.

ఇది మన ఊరికి మరీ ముఖ్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు వాహనాలు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. సీట్లు ఎండబెట్టారు, ఆయిలు మార్చారు, స్టార్ట్ అయ్యాయి. కానీ కనెక్టర్ల లోపల పచ్చటి చిలుము పైకి కనబడదు. ఎండిన కొద్దీ నిరోధం పెరుగుతూనే ఉంటుంది, రెండు మూడేళ్లకు వేడి రూపంలో బయటపడుతుంది. ఆ బళ్లలో చాలా ఇప్పటికీ తిరుగుతున్నాయి. చేతులు మారినవాటిని కొన్న మనిషికి అవి మునిగిన సంగతి చెప్పే కాగితం ఏదీ లేదు.

మంత్రి గారూ, ఇప్పుడు చట్టం సంగతి. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ పదిహేనేళ్లలో మీ శాఖ మనిషి ఎవరూ దాని బానెట్ ఎత్తరు. తర్వాత ఐదేళ్లకోసారి చూస్తారు. ట్యాక్సీలకు ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ ఉంది. అక్కడ లైట్లు వెలుగుతున్నాయా లేదా చూస్తారు, ఎలా వెలుగుతున్నాయో చూడరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పులను నియంత్రిస్తుంది గానీ, హారను, ఫాగ్ లైటు, కెమెరా బిగించడాన్ని మార్పుగా ఎవరూ పట్టించుకోరు. ప్రజారవాణా వాహనాలకు జీపీఎస్ పరికరం తప్పనిసరి చేసింది ప్రభుత్వాలే. వాహనాల ట్రాకింగ్ పరికరాల ప్రమాణం ఏఐఎస్-140 ప్రకారం 2019 నుంచి ఇది దేశమంతా ఉన్న నిబంధన. ఆ పరికరానికి సర్టిఫికెట్ ఉంటుంది. దానికి బ్యాటరీ నుంచి లాగిన వైరుకు?

మేం కోరేది దాడులు, జరిమానాలు కాదు. అవి మొదలైతే కొట్టు షట్టరు దించి పని రాత్రిపూట చేస్తారు, ఇంకా హడావుడిగా చేస్తారు. కోరేది మూడు పనులు. బయట బిగించిన ప్రతి పరికరానికీ బిల్లు మీద వైరు మందం, ఫ్యూజు ఆంపియర్లు, ఫ్యూజు ఎక్కడుందో రాయాలి. అదే వివరం బానెట్ లోపల స్టిక్కరుగా అతికించాలి. రాయాల్సి వస్తే బిగించేవాడు ఒకసారి ఆలోచిస్తాడు. రెండోది, నీట మునిగిన కారని బీమా క్లెయిము తీర్చినప్పుడు ఆ సంగతి ఆర్సీ రికార్డులో చేరేలా కేంద్రంతో మాట్లాడండి. మూడోది ఫిట్‌నెస్ తనిఖీలో పది నిమిషాల కరెంటు పరీక్ష. ఇది మీ ఇన్‌స్పెక్టర్లతోనే అవుతుంది, కొత్త చట్టం అక్కర్లేదు.

ఆ పరీక్ష ఇది. ఫ్యూజు బాక్సు మూత తీసి, మూత మీద అచ్చువేసిన అంకెలతో లోపలి రంగులు పోల్చాలి: లేత గోధుమ 5, గోధుమ 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, పారదర్శకం 25, ఆకుపచ్చ 30. రంగు తేడా వస్తే బండి వెనక్కి. పేరూ ఊరూ లేని ఫ్యూజు కనబడినా మార్పించాలి, వాటిలో కొన్ని ప్లాస్టిక్కు కరిగినా తీగ తెగనివి. తర్వాత బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు కంపెనీది కాని వైరు ఎన్ని తగిలించారో లెక్కపెట్టి, ప్రతి దాని మీదా మూరెడు లోపల ఫ్యూజు ఉందో లేదో చూడాలి. హెడ్‌లైట్లు వేసి, వోల్టులు కొలిచే మల్టీమీటరు ఒక ముల్లు బ్యాటరీ పాజిటివ్‌కు, ఇంకోటి బల్బు పాజిటివ్‌కు పెట్టాలి. అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో జాయింటు కాలుతోందని అర్థం. మునిగిన బండిని పట్టించేది ఇదే, ఏదీ విప్పక్కర్లేదు. ఆఖరున తాళంచెవి తీసి, తలుపులు మూసి, పావుగంట ఆగి బ్యాటరీ వైరు మీద క్లాంప్ మీటరు (వైరును విప్పకుండా చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెట్టాలి. ఆగి ఉన్న కారు 50 మిల్లీ ఆంపియర్లకు మించి లాగకూడదు. ఈ పావుగంట ఆగడంలో ఇన్‌స్పెక్టరు ఇంకో బండి చూసుకోవచ్చు.

మొదట ఎన్టీఆర్ జిల్లాలో ఒక్క కేంద్రంలో మూడు నెలలు చేసి చూడండి. నేర్పడానికి మేం వస్తాం, డబ్బులు అక్కర్లేదు. మీటర్లు మాత్రం శాఖే కొనాలి. టెండరులో ఒక మాట తప్పక రాయించండి: క్లాంప్ మీటరు కారు బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటును మిల్లీ ఆంపియర్ల దాకా కొలిచేది కావాలి. బజారులో చవగ్గా దొరికే ఇంటి ఏసీ కరెంటును మాత్రమే కొలిచే మామూలు క్లాంప్ మీటరు కారు బ్యాటరీ వైరు మీద పెడితే ఎంత కరెంటు పోతున్నా సున్నానే చూపిస్తుంది. అది కొంటే ప్రతి బండీ పాసైపోతుంది.

ఇట్లు,
ఆటో ఎలక్ట్రీషియన్లు,
జవహర్ ఆటోనగర్, విజయవాడ