శాతంతో పాటు ప్రశ్న కూడా అచ్చు వేయండి

సంపాదకుల వారికి,

‘ఐర్లండ్‌లో క్యాథలిక్కులు 69 శాతానికి పడిపోయారు’, ‘పోలండ్‌లో చర్చిలు ఖాళీ’ అనే తరహా వార్తలు తెలుగు పత్రికల్లో అప్పుడప్పుడూ వస్తున్నాయి. అంకెలు తప్పు కావు. కానీ ఏ ప్రశ్న అడిగితే ఆ అంకె వచ్చింది, ఎంతమందిలో ఎంతమంది అన్న సంగతి పక్కన ఉండదు. చదివినవారికి ‘అక్కడ జనం దేవుణ్ణి వదిలేస్తున్నారు’ అన్న అభిప్రాయం ఒక్కటే మిగులుతుంది. దాన్ని పట్టుకుని మన దగ్గరి మతం గురించీ రాజకీయం గురించీ వాదనలు మొదలవుతాయి.

తిరుపతివాళ్లకు ఈ తేడా కొత్తేమీ కాదు. శ్రీవారిని దర్శించుకున్నవారు ఇంతమంది, తలనీలాలు ఇచ్చినవారు ఇంతమంది, హుండీ కానుకలు ఇంత, నిండిన కంపార్ట్‌మెంట్లు ఇన్ని అని రోజూ చదువుతూనే ఉంటాం. ఒక రోజు తలనీలాల సంఖ్య తగ్గితే భక్తి తగ్గిపోయిందని ఇక్కడ ఎవరూ అనరు. క్యాథలిక్ దేశాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం జనగణన అంకె, ఆదివారం పూజకు వచ్చేవారి అంకె, రిఫరెండం ఫలితం అన్నీ కలిపేసి ఒకే మాట రాసేస్తున్నాం. ఫ్రాన్స్‌లో గాబ్రియేల్ లె బ్రా అనే సమాజశాస్త్రవేత్త 1930లలోనే వీటిని విడదీసి చూపించాడు. జ్ఞానస్నానం, పెళ్లి, అంత్యక్రియలకు మాత్రమే చర్చికొచ్చేవారిని ఒక వర్గంగా, ఆదివారం తప్పకుండా వచ్చేవారిని మరో వర్గంగా లెక్కపెట్టాడు.

ఐర్లండ్ జనగణనలో క్యాథలిక్కులు 2016లో 78 శాతం, 2022లో 69 శాతం. తొమ్మిది పాయింట్లు తగ్గాయంటే పెద్ద మార్పే, కాదనను. అయితే 2016 ఫారంలో ఉన్న ప్రశ్న ‘మీ మతం ఏది?’ అని. 2022లో ‘ప్రస్తుతం మీకు మతం ఏదైనా ఉంటే అది ఏది?’ అని మార్చారు. అంతకుముందు అడుగున ఉన్న ‘మతం లేదు’ అనే గడిని పైకి తెచ్చారు. మొదటి ప్రశ్న ప్రతి మనిషికీ ఒక మతం ఉందనుకుని అడుగుతుంది, రెండోది లేకపోయినా ఫరవాలేదంటుంది. పైగా ఫారం ఇంటికొకటే. తల్లి కూర్చుని నింపితే చర్చి గడప తొక్కని కొడుకు కూడా క్యాథలిక్ కిందే పడతాడు.

పోలండ్‌లో చిక్కు వేరు. 2011లో 87.6 శాతం ఉన్న క్యాథలిక్కులు 2021లో 71.3 శాతమయ్యారు. ఆ పదేళ్లలోనే ‘జవాబు చెప్పను’ అన్నవారు ఏడు శాతం నుంచి ఇరవై శాతం పైకి వెళ్లారు. చెప్పనన్నవారిని మతం మానేసినవారిలో కలిపేస్తే లెక్క చెడిపోతుంది. అక్కడి చర్చి సొంతంగా మరో లెక్క తీస్తుంది. ఏటా శరదృతువులో ఒక ఆదివారం ఎంచుకుని, పూజకు వచ్చినవారిని వేరుగా, సత్ప్రసాదం (పూజలో పంచే పవిత్ర రొట్టె) తీసుకున్నవారిని వేరుగా లెక్కపెడతారు. శాతం కట్టేటప్పుడు మొత్తం క్యాథలిక్కులను తీసుకోరు. చిన్నపిల్లల్నీ, జబ్బుపడినవారినీ, కదలలేని వృద్ధుల్నీ మినహాయించి 82 శాతం మందినే తీసుకుంటారు. 2019లో 36.9, 2021లో 28.3 అన్న శాతాలు అలా వచ్చినవి. ఆ 28.3ను మొత్తం క్యాథలిక్కుల మీద లెక్కేస్తే 23 అవుతుంది. 2021 మీద కరోనా ప్రభావం కూడా ఉంది, మరుసటి ఏడాది 29.5కి పెరిగింది. ఈ సంగతి తెలియకుండా 71.3నూ 28.3నూ పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు.

ప్రజాజీవితంలో మతానికి ఉన్న పట్టు తెలియాలంటే ఈ శాతాలు వదిలి బడి దగ్గరికి వెళ్లాలి. 2016లో 78 శాతం క్యాథలిక్కులున్న ఐర్లండే, 2018లో గర్భస్రావ నిషేధాన్ని రాజ్యాంగం నుంచి తొలగించడానికి 66.4 శాతం ఓట్లు వేసింది. 2012లో గాల్వేలో, మన పొరుగు కర్ణాటక నుంచి వెళ్లిన దంతవైద్యురాలికి గర్భస్రావం నిరాకరించడం, ఆమె సెప్సిస్‌తో (ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్‌తో) చనిపోవడం ఆ దేశాన్ని కుదిపేసింది. చర్చి మాట ఓటు దగ్గర చెల్లలేదు. అయినా ఇవాళ్టికీ అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో పదింట తొమ్మిది దాకా క్యాథలిక్ చర్చి ఆధ్వర్యంలోనే ఉన్నాయి. టీచర్ల జీతాలు ప్రభుత్వానివి, ‘పోషకుడు’, అంటే బడి మీద పెత్తనం ఉన్నవాడు, బిషప్. ఎనిమిది మంది పాలకమండలిలో బిషప్ తరఫున ఇద్దరు, తల్లిదండ్రులు ఇద్దరు, ప్రధానోపాధ్యాయుడు, ఒక టీచరు, ఊరి నుంచి ఇద్దరు ఉంటారు. అధ్యక్షుణ్ణి నియమించేది మళ్లీ పోషకుడే. ఏడెనిమిదేళ్ల పిల్లలకు ప్రథమ సత్ప్రసాదం తయారీ బడి వేళల్లోనే జరుగుతుంది. మతం వేరైన పిల్లలు చాలాచోట్ల అదే గదిలో వెనక బెంచీలో కూర్చుని ఇంకేదో రాసుకుంటారు. సీట్లకు పోటీ ఉన్నప్పుడు జ్ఞానస్నానం పొందిన పిల్లలకు ముందు చోటిచ్చే పద్ధతిని క్యాథలిక్ ప్రాథమిక పాఠశాలల్లో ఆపడానికి 2018 నాటి చట్టం కావలసి వచ్చింది.

ఇటలీలో పట్టు ఆదాయపు పన్నులో ఉంది. పన్నులో 0.8 శాతం ఏ మతసంస్థకు, లేదా ప్రభుత్వానికి, వెళ్లాలో పన్ను కట్టేవారు సంతకం చేసి చెప్పవచ్చు. సంతకం చేయనివారి వాటాను కూడా చేసినవారి నిష్పత్తిలోనే పంచుతారు. ఏమీ అననివాళ్ల డబ్బులో కూడా చర్చికే పెద్ద భాగం అందుతుంది. ఫిలిప్పీన్స్‌లో బిషప్‌లు ఎంత వ్యతిరేకించినా 2012లో కుటుంబ నియంత్రణ చట్టం వచ్చింది. ముస్లింలకు తప్ప విడాకుల చట్టం మాత్రం ఇంకా లేదు.

ఈ అనుభవాలను తెచ్చి తిరుపతికి అతికించేవారు ఒకటి గమనించాలి. అక్కడ బడులు చర్చి చేతిలో ఉంటే జీతాలు ప్రభుత్వం ఇస్తుంది. ఇక్కడ 1987 నాటి దేవాదాయ చట్టం కింద తితిదే పాలకమండలిని నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. ఆ దేవస్థానం కాలేజీలూ ఆసుపత్రులూ నడుపుతుంది. అధికారం నడిచే దారే తిరగబడి ఉంది. అందుకే ‘చర్చినీ ప్రభుత్వాన్నీ విడదీశారు, మనమూ విడదీద్దాం’ అనేవారూ, ‘అక్కడే విడదీయలేదు, మనకెందుకు’ అనేవారూ ఇద్దరూ పొరపడుతున్నారు.

మన జనగణనకూ ఇదే జాగ్రత్త కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1971లో 4 శాతం పైన, 2011లో 1.34 శాతం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్సీ హోదా ఉంటుంది. క్రైస్తవంలోకి మారిన దళితులు మన రాష్ట్రంలో బీసీ–సి కిందికి వస్తారు. జవాబు వెనక రిజర్వేషన్ హక్కు ఉన్నప్పుడు ఆ జవాబును విశ్వాసానికి కొలతగా తీసుకోకూడదు. దాన్ని చూపించి ఎవరినీ అనుమానించనూ కూడదు, ఎందుకంటే ఆ ఇరకాటం పెట్టింది చట్టమే.

2027లో మనకూ జనగణన ఉంది, ఐర్లండ్‌కూ ఉంది. ఆ ఫలితాలు వేసేటప్పుడు ఫారంలోని ప్రశ్నను ఉన్నదున్నట్టు తెలుగులో ఇవ్వండి. కిందటిసారి అదే ప్రశ్న ఎలా ఉందో, ‘చెప్పలేదు’ అన్నవారు ఎంతమందో, శాతం ఎవరి మీద కట్టారో కూడా రాయండి. ఇందుకు ఒక కాలమ్‌లో నాలుగు లైన్లు సరిపోతాయి.

ఇట్లు,
సమాజశాస్త్ర అధ్యాపకుడు,
తిరుపతి