పులి కూరలోకి వచ్చింది!

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం వంటల పేజీలో తమిళుల 'పులి కుళంబు' తయారీ చదివాను. వంట బాగుంది. పేరే దడ పుట్టించింది. తమిళంలో 'పులి' అంటే అచ్చంగా పెద్దపులే. చింతపండును వాళ్లు 'పుళి' అంటారు. ఆ ఒక్క 'ళ'కారం జారిపోయేసరికి చింతపండు పులుసు కాస్తా పులి మాంసం కూరయింది.

పొరపాటుకు కారణం మన భాషలోనే ఉంది. తమిళ, కన్నడ, మలయాళాలు ఈ ల, ళల తేడాను ఇప్పటికీ పాటిస్తున్నాయి. కన్నడంలో పకారం హకారమై మృగం 'హులి', పులుపు 'హుళి' అయ్యాయి. అక్కడ పప్పు, కూరగాయలతో చేసే పులుసు పేరూ హుళే. మనకు మాత్రం రెండూ 'పులి'లోనే కలిసిపోయాయి. పులుపు, పులుసు, పులిసిన దోసెల పిండి, అజీర్తి చేసిన రాత్రి వచ్చే పులితేపులు, వీటిలో ఏ ఒక్కదానికీ అడవితో సంబంధం లేదు. పులిహోరలో పులి ఏదని అడగని పిల్లలు మన ఇళ్లలో ఉండరు. మా మనవడైతే గుడిలో ప్రసాదం దొన్నె వేలితో కెలికి మరీ వెతికాడు.

మలయాళంలో ఇంకో మెలిక. అక్కడ పెద్దపులిని 'కడువ' అంటారు, వట్టి 'పులి' అంటే ఎక్కువగా చిరుతే. బెంగాలీలకు సంక్రాంతి పిండివంట 'పులి'. హంగరీలోనైతే జడలు కట్టిన బొచ్చుతో గొర్రెలు కాసే కుక్క!

పొరుగు భాషల వంటల పేర్లు అచ్చువేసేటప్పుడు దయచేసి 'ళ'ను మింగేయకండి.

– ఒక పాఠకురాలు, నెల్లూరు