మోరీలో ఎండుటాకు వేసి చూడండి

సంపాదకుడు గారికి,

మహబూబ్‌నగర్‌లో మోరీల పూడికతీత పూర్తయిందని పోయిన వారం మీ జిల్లా పేజీలో ఫొటోతో సహా వేశారు. తీసిన పూడిక ఆ ఫొటోలోనే మోరీ పక్కన కుప్పగా కనిపిస్తోంది. నీళ్లు ఓడేదాకా రెండు రోజులు ఉంచితే సరే. ఆ తర్వాత కూడా ట్రాక్టర్ రాకపోతే గట్టి వాన ఒక్కటి చాలు, మళ్లీ మోరీలోకే. తీసినందుకు ఒక బిల్లు, మళ్లీ తీసినందుకు ఇంకో బిల్లు.

అసలింత పూడిక ఎందుకు పడుతోంది? మురుగు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పారితేనే ఇసుకను తోసుకుపోతుంది. దీనికి పరికరాలేం అక్కర్లేదు. మోరీలో ఎండుటాకు వేసి, ఆరు మీటర్లు పోవడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. పది సెకన్లు దాటితే పూడిక పడుతున్నట్టే, ఎందుకంటే అడుగున నీళ్లు పైకన్నా నెమ్మది. ఆ వేగం రావాలంటే మోరీ అడుగుకు సరైన వాలుండాలి. 300కు 1 వాలంటే వంద మీటర్లకు 33 సెంటీమీటర్లు దిగాలి. ఎస్టిమేట్‌లో దిగుతుంది. పనిలో మాత్రం చెరో కొస నుంచి కట్టుకొచ్చిన కాంట్రాక్టర్లు కలిసే చోట లెవల్ తేడా, కల్వర్టు కింద అడ్డంగా మంచినీళ్ల పైపు, దానికి చుట్టుకున్న కవర్లూ పాత చీరలూ.

ఇక మూతలు. ఏకంగా స్లాబ్ పోసేస్తే లోపలి సంగతి దేవుడికే తెలియాలి. రెండడుగుల చదరం, నాలుగంగుళాల మందం పలక 90 కిలోల పైచిలుకు ఉంటుంది. కొక్కేలు పెడితే కడ్డీ దూర్చి ఇద్దరు లేపగలరు. అది చేయరు. పైగా మోరీ గోడ రోడ్డుకన్నా అరడుగు ఎత్తు, దానికి రంధ్రాలుండవు. వాన నీళ్లు రోడ్డెంట, మురుగు మోరీలో!

వాన నీళ్ల మోరీకి సెప్టిక్ ట్యాంకు గొట్టం కలపడం మామూలైపోయింది. మనిషికి రోజుకు 135 లీటర్లు సరఫరా చేస్తే అందులో 80 శాతం, అంటే 108 లీటర్లు మురుగవుతుందని ఇంజనీర్ల లెక్క. ఇంకుడు గుంత లేని ఇంటి నుంచి అదంతా పల్లానికి, చివరికి చెరువుకు. పెద్ద చెరువును మినీ ట్యాంక్‌బండ్ అని ముస్తాబు చేసినా, మురుగు ఆగనిదే గుర్రపుడెక్క ఆగుతుందా? శికంలో, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమిలో, ఇళ్లకు పర్మిషన్లిచ్చి, అలుగు పారగానే కాలనీల్లోకి నీళ్లొచ్చాయని ఆశ్చర్యపోయేదీ అధికారులే.

పూడికతీత ఫొటోలు చాలు. కొత్త మోరీకి బిల్లు రాసే ముందు ప్రతి 30 మీటర్లకూ మోరీ అడుగుభాగం లెవల్ తీసి, ఆ కాగితం వార్డు ఆఫీసు గోడకు అంటించమనండి.

– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్