క్రిస్మస్ లెక్చర్లు పిల్లలకు చూపించేవారికి

సైన్సు టీచర్లందరికీ నమస్కారం. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే సైన్సు సంస్థలో 1825లో మొదలైన ఈ క్రిస్మస్ సైన్సు ఉపన్యాసాలు 1966 నుంచి ఏటా టీవీలో వస్తున్నాయి. వాటిని ఆన్‌లైన్‌లో చూపించే బీబీసీ ఐప్లేయర్ మన దగ్గర తెరుచుకోదు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ వెబ్‌సైట్‌లో పాతవి ఉచితంగా దొరుకుతాయి. ముందు 1977లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్ గ్రహాల మీద ఇచ్చినవి చూపించండి. ఇంగ్లీషు వేగం అందని పిల్లలుంటారు, పది నిమిషాలకోసారి ఆపి తెలుగులో చెప్పండి. గంటసేపు ఏకబిగిన వేస్తే వెనక బెంచీలు నిద్రపోతాయి.

చూపించి వదిలేయకండి, ప్రయోగం చేయించాలి. శాస్త్రవేత్త ఫారడే 1860లో ఈ క్రిస్మస్ లెక్చర్లలోనే కొవ్వొత్తి మీద ఇచ్చిన ఉపన్యాసాల్లోది ఒకటి మన క్లాసులో హాయిగా చేయొచ్చు. లావు కొవ్వొత్తిని వత్తి చుట్టూ మైనం కరిగి నిలిచేదాకా వెలగనివ్వండి. మెల్లగా ఊది ఆర్పగానే తెల్లటి పొగ సన్నటి తీగలా పైకి లేస్తుంది. వెలిగించిన అగ్గిపుల్లను వత్తికి రెండు మూడంగుళాల పైన ఆ పొగలో పెట్టండి. మంట పొగ వెంట కిందికి దూకి వత్తిని అంటుకుంటుంది. మండేది మైనం ఆవిరేనని పిల్లలు కళ్లారా చూస్తారు.

అంటుకోకపోతే చాలాసార్లు కారణం ఫ్యానే, పొగ చెదిరిపోతుంది. గట్టిగా ఊదినా అంతే. ఆలస్యమైతే వత్తి చల్లారి ఆవిరి ఆగిపోతుంది, అందుకే ఆర్పకముందే అగ్గిపుల్ల వెలిగించి ఉంచుకోవాలి. పుట్టినరోజు కొవ్వొత్తులు వద్దు, పొగ చాలదు. జడలు, చున్నీలు వెనక్కి కట్టించండి, పక్కన బకెట్ నీళ్లు ఉండాలి.